థీసిస్ డేటా చేతికొచ్చాక: గణాంక విశ్లేషణ సొంతంగా చేసుకోవడం ఎలా?

ఉస్మానియా అయినా, హెచ్‌సీయూ అయినా, మెడికల్ కాలేజీ అయినా, రాజేంద్రనగర్ వ్యవసాయ వర్సిటీ అయినా థీసిస్ గడువు దగ్గరపడ్డాక వినిపించే మాట ఒకటే: "డేటా కలెక్షన్ అయిపోయింది, ఇక స్టాట్స్ చేయించాలి." ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ తెలిసిన సీనియర్ దగ్గరికో, డబ్బులు తీసుకుని చేసిపెట్టేవాళ్ళ దగ్గరికో పరుగెడతారు. కొద్దిరోజులకు బోలెడు పట్టికలు, ప్రతి పట్టిక కిందా ఒక పి విలువ (అదేమిటో ఏడో అడుగులో చూద్దాం) వచ్చేస్తాయి. వైవాలో "ఈ టెస్టే ఎందుకు చేశారు?" అని ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు) అడిగితే మాత్రం నోరు పెగలదు.

మాస్టర్స్, ఎండీ, పీహెచ్‌డీ థీసిస్‌లలో చాలావాటికి అవసరమయ్యే పద్ధతులు ఏడెనిమిదికి మించవు. వాటికి టెన్త్ స్థాయి లెక్కలు చాలు, మిగతాది కంప్యూటర్ చేస్తుంది. అసలు పని అంతా ఏ ప్రశ్నకు ఏ లెక్క అన్నది తేల్చుకోవడంలో ఉంటుంది. అది సాఫ్ట్‌వేర్ తెరవకముందే జరగాలి. అందుకే ఈ మార్గదర్శిలో టెస్టుల కంటే వాటికి ముందు చేయాల్సిన పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. న్యూట్రిషన్ చదివే ఒక పీజీ విద్యార్థిని ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో డిగ్రీ చదివే అమ్మాయిల్లో హాస్టల్‌లో ఉండేవాళ్ళకూ, ఇంటి నుంచి వచ్చే డే స్కాలర్లకూ హిమోగ్లోబిన్‌లో తేడా ఉందా? తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊళ్ళో ఇలాంటి అంశం ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. విద్యార్థినుల అంకెలు లెక్క చూపించడానికి నేను కల్పించినవి. రక్తహీనతకు వాడే గీటురాయి మాత్రం అసలుదే: డబ్ల్యూహెచ్‌ఓ ప్రకారం గర్భవతులు కాని మహిళల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్టు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15–49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి, ఖాళీ పట్టిక గీయండి

"హాస్టల్ విద్యార్థినుల పోషకాహార స్థితిపై అధ్యయనం" అన్నది టైటిల్ అవుతుంది గానీ ప్రశ్న కాదు. ఎవరిలో, ఏ రెండింటి మధ్య, ఏ కొలతలో తేడా వెతుకుతున్నారో వాక్యంలో కనబడాలి. అది రాశాక ఫలితాల పట్టికను అంకెలు లేకుండా ఖాళీగా గీయండి. అడ్డం వరుసల్లో హాస్టల్, డే స్కాలర్. నిలువు వరుసల్లో ఎంతమంది, సగటు హిమోగ్లోబిన్, రక్తహీనత ఉన్నవారి శాతం. ఆ గళ్ళు నింపడానికి ఏ డేటా కావాలో అప్పుడు తెలుస్తుంది, అక్కర్లేని నలభై ప్రశ్నలు ప్రశ్నావళిలోంచి రాలిపోతాయి. మన థీసిస్ ప్రశ్నావళుల్లో మతం, కులం, ఇంటి పైకప్పు దగ్గర్నుంచి అన్నీ అడిగి, చివరికి వాటిలో సగం ఎక్కడా వాడకపోవడం మామూలైపోయింది. జవాబు చెప్పేవాళ్ళ సమయం కూడా సమయమే కదా.

ఖాళీ పట్టిక వల్ల ఇంకో లాభం ఉంది. ముఖ్యమైన ఫలితం ఏదో డేటా రాకముందే ప్రకటించినట్టవుతుంది. డేటా చూశాక ఏది బాగా వచ్చిందో దాన్నే ముఖ్యమైనదిగా చూపించే ప్రలోభం తగ్గుతుంది.

2. ప్రతి కాలమ్ ఏ జాతిదో తేల్చండి

దీని దగ్గర ఎంత సేపు గడిపినా తప్పులేదు. టెస్ట్ ఎంపిక దాదాపు మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

హిమోగ్లోబిన్, బరువు, వయసు, దిగుబడి వంటివి కొలిచిన సంఖ్యలు. కూడితే, సగటు తీస్తే అర్థం ఉంటుంది. నివాసం (హాస్టల్, ఇల్లు), బ్లడ్ గ్రూప్, జిల్లా వంటివి వర్గాలు. వీటికి సౌలభ్యం కోసం 1, 2 అని కోడ్ ఇస్తాం గానీ ఆ అంకెలకు విలువ లేదు. సాఫ్ట్‌వేర్‌కి ఈ సంగతి తెలియదు, "సగటు నివాసం 1.5" అని నిస్సంకోచంగా చూపిస్తుంది. మూడో రకం, వరుస ఉన్న వర్గాలు: "ఎప్పుడూ, అప్పుడప్పుడు, రోజూ" లాంటివి. ఏది ఎక్కువో ఏది తక్కువో తెలుసు గానీ వాటి మధ్య దూరం సమానమని చెప్పలేం. "పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" వరకు ఐదు గళ్ళ ప్రశ్నలన్నీ ఈ కోవలోవే. ఒక్కో ప్రశ్నకు సగటు తీయడం గురించి పండితుల్లోనే వాదనలున్నాయి. నా మాట అడిగితే, ఒకే విషయం మీద అడిగిన పది ప్రశ్నల స్కోర్లు కలిపిన మొత్తానికి సగటు తీయండి, ఒక్కో ప్రశ్నకు విడిగా మాత్రం శాతాలే చూపండి.

కొలిచిన సంఖ్యను వర్గంగా మార్చడం తేలిక. హిమోగ్లోబిన్‌ను 12 దగ్గర నరికితే ఉంది, లేదు అయిపోతుంది. కానీ అలా నరకగానే 11.9 ఉన్న అమ్మాయీ, 7.5తో మెట్లెక్కలేని అమ్మాయీ ఒకే గదిలో పడతారు. వర్గాన్ని మళ్ళీ సంఖ్యగా మార్చే దారి లేదు. కాబట్టి ఫారంలో ఎప్పుడూ అసలు సంఖ్యే రాయించండి. "18–20 ఏళ్ళు" అని టిక్కు పెట్టించే బదులు వయసు అడగండి.

3. ఎంతమంది కావాలి?

"అందరూ వంద తీసుకున్నారు, నేనూ వంద తీసుకుంటాను" అన్నది ఎథిక్స్ కమిటీ ముందు నిలబడదు. రెండు సందర్భాలు వేరు చేసుకోండి.

ఒక శాతాన్ని అంచనా వేయాలంటే సూత్రం ఇది: 3.84 ను పి తో, (1 – పి) తో గుణించి, మీరు ఒప్పుకునే పొరపాటు వర్గంతో భాగించాలి. ఇక్కడ పి అంటే మీరు ముందుగా ఊహించే నిష్పత్తి, పి విలువ కాదు. పైన చెప్పిన 57 శాతం తీసుకుని, అటూ ఇటూ 5 శాతం పొరపాటు చాలనుకుంటే 3.84 × 0.57 × 0.43 ÷ 0.0025, అంటే సుమారు 377 మంది. 10 శాతం పొరపాటు చాలంటే 95 మందితో సరిపోతుంది. కచ్చితత్వం రెట్టింపు కావాలంటే మనుషులు నాలుగు రెట్లు కావాలన్నమాట.

రెండు గుంపుల సగటులు పోల్చాలంటే ఇంకో తేలిక లెక్క ఉంది. ఒక్కో గుంపుకు 16 × (స్టాండర్డ్ డీవియేషన్ ÷ మీరు పట్టుకోదలచిన తేడా) వర్గం. స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఎస్‌డీ, విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. హిమోగ్లోబిన్ ఎస్‌డీ 1.5 అనుకుని, అర గ్రాము తేడాను పట్టుకోవాలంటే 16 × 9 = 144 మంది, ప్రతి గుంపులో. నిజంగా అంత తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా వేసిన లెక్క ఇది. ఎస్‌డీ ఎంతో పాత అధ్యయనాల నుంచో, మీ పైలట్ (చిన్న ముందస్తు అధ్యయనం) నుంచో తీసుకోవాలి. రక్తం ఇస్తామని ఒప్పుకుని ఆ రోజుకు కాలేజీకే రానివాళ్ళు ఉంటారు కాబట్టి పదో వంతు కలుపుకోండి.

ఉన్న డేటాలోంచి ఎంత కచ్చితత్వం పిండవచ్చన్న దానికి ఒక గణిత హద్దు ఉంటుంది. దాన్ని నిరూపించిన వారిలో ఒకరు మన సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి కలకత్తా వెళ్ళిన ఆయన, ఆ పరిశోధనా పత్రం ప్రచురించింది 1945లో, పాతికేళ్ళ వయసులో. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఆ హద్దు దాటలేం. శాంపిల్ తక్కువైతే తక్కువే.

4. ఎక్సెల్‌లోకి ఎక్కించడం, శుభ్రం చేయడం

ఒక వరుసలో ఒక మనిషి, ఒక కాలమ్‌లో ఒక విషయం. గళ్ళు కలపడం, రంగులు వేసి వాటితో అర్థం చెప్పడం, మధ్యలో "మొత్తం" వరుసలు పెట్టడం వద్దు. పసుపు రంగు అంటే ఫాలోఅప్ కాలేదు అని మీకు తెలుసు, సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. పేర్లు, ఫోన్ నంబర్లు ఈ ఫైలులో ఉండకూడదు. సీరియల్ నంబరు చాలు.

"లేదు", "తెలియదు", "చెప్పలేదు" మూడూ వేరు. ఖాళీ గడిని సున్నా చేయకండి. 99 అని కోడ్ ఇస్తే దాన్ని ఖాళీగా పరిగణించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పండి, లేకపోతే కుటుంబ సభ్యుల సగటు సంఖ్య పాతికకు పోతుంది.

తర్వాత ప్రతి కాలమ్‌లో అతి చిన్న విలువ, అతి పెద్ద విలువ చూడండి. హిమోగ్లోబిన్ 115 కనిపిస్తే అది 11.5 కావచ్చు. కావచ్చు అని మార్చేయకండి, కాగితం ఫారం తీసి చూడండి. ఎక్సెల్ తనంతట తాను చేసే సాయం కూడా కనిపెట్టుకుని ఉండాలి. సెప్ట్2, మార్చ్1 వంటి జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తూ ఉంటే, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ విసిగి ఆ పేర్లనే మార్చింది. మన తేదీల్లో రోజు, నెల తారుమారైతే వయసు లెక్క అంతా పోతుంది.

అసలు ఫైలును ముట్టుకోకుండా ఒక కాపీలో మార్పులు చేయండి. ఏ రోజు ఏం మార్చారో ఒక షీటులో రాసుకోండి. ఆరు నెలల తర్వాత గైడ్ అడిగినప్పుడు ఆ షీటే కాపాడుతుంది.

5. లెక్కకు ముందు బొమ్మ

గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో నాలుగు చిన్న డేటా సెట్లు ఇచ్చారు. ఒక్కోదాంట్లో 11 బిందువులు. నాలుగింటికీ సగటులు, వేరియన్స్‌లు (ఎస్‌డీల వర్గాలు), సహసంబంధం (రెండు సంఖ్యలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, సుమారు 0.82) దాదాపు ఒకటే. బొమ్మ గీస్తే ఒకటి మామూలు వాలు గీత, ఒకటి వంపు, ఒకటి గీత నుంచి దూరంగా ఎగిరిపోయిన ఒకే బిందువు, ఇంకొకటి నిలువు వరుసలో నిలబడ్డ బిందువులు. అంకెలు చూసి ఈ తేడా ఎవరూ చెప్పలేరు.

సంఖ్యకు హిస్టోగ్రామ్, గుంపులు పోల్చడానికి బాక్స్ ప్లాట్, రెండు సంఖ్యల సంబంధానికి స్కాటర్ ప్లాట్. ఈ మూడు చాలు. త్రీడీ పై చార్టులు పవర్‌పాయింట్ వాళ్ళకు వదిలేయండి.

6. సగటు, మీడియన్, ఎస్‌డీ

మన విద్యార్థిని దగ్గరి 10 మంది హాస్టల్ అమ్మాయిల హిమోగ్లోబిన్ ఇలా ఉందనుకుందాం: 10.2, 11.0, 11.4, 9.8, 12.1, 10.9, 11.6, 10.5, 11.2, 11.3. మొత్తం 110, సగటు 11.0. వరుసగా పేర్చితే మధ్యలో ఉన్నవి 11.0, 11.2 కాబట్టి మీడియన్ 11.1. సగటూ మీడియనూ దగ్గరగా ఉన్నాయంటే డేటా ఒక వైపుకు ఒరగలేదని అనుకోవచ్చు.

స్టాండర్డ్ డీవియేషన్ ఒక్కసారైనా చేత్తో చేయండి. ప్రతి విలువ సగటుకు ఎంత దూరమో తీసి, వర్గం చేసి, కూడితే 4.20 వస్తుంది. దాన్ని 9తో (పది కాదు, ఒకటి తక్కువ) భాగిస్తే 0.467, ఇదే వేరియన్స్. వర్గమూలం 0.68. ఎక్సెల్‌లో ఎస్‌డీకి రెండు ఫంక్షన్లుంటాయి. శాంపిల్‌కు వాడాల్సింది చివర ఎస్ ఉన్నది, పి ఉన్నది కాదు.

సగటు అన్నిచోట్లా పనికిరాదు. ఆరు కుటుంబాల నెల ఆదాయం వేలల్లో 18, 20, 22, 25, 30, 300 అనుకోండి. సగటు 69 వేలు దాటుతుంది, ఆ ఆరింటిలో ఒక్క కుటుంబం కూడా ఆ దరిదాపుల్లో లేదు. మీడియన్ 23,500 చెబితేనే నిజానికి దగ్గర. ఆదాయం, ఆసుపత్రిలో ఉన్న రోజులు, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపే రక్తపరీక్ష) లాంటి ఒక పక్కకు సాగే డేటాకు మీడియన్, దానితో పాటు మధ్య సగం మంది ఏ విలువల మధ్య ఉన్నారో చెప్పే క్వార్టైల్స్ ఇవ్వండి.

ఎస్‌డీకి బదులు స్టాండర్డ్ ఎర్రర్ రాయడం మన థీసిస్‌లలో తరచూ కనబడే తప్పు. ఎస్‌డీ మనుషుల మధ్య ఉన్న తేడాను చెబుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ మీ సగటు ఎంత నమ్మదగ్గదో చెబుతుంది. ఎస్‌డీని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే అది వస్తుంది. చిన్నదిగా ఉండి చూడ్డానికి అందంగా ఉంటుందని దాన్ని పెట్టేవాళ్ళున్నారు. మనుషులను వర్ణిస్తున్నప్పుడు ఎస్‌డీయే పెట్టండి.

7. రెండు సగటులు పోల్చడం: టీ టెస్ట్

డే స్కాలర్లు పది మంది: 11.5, 12.4, 10.9, 12.8, 11.9, 11.2, 12.2, 13.0, 11.6, 11.5. సగటు 11.9, ఎస్‌డీ 0.69. తేడా 0.9 గ్రాములు. ఇది నిజమైన తేడానా, లేక ఎవరు శాంపిల్‌లో పడ్డారన్న దాన్ని బట్టి వచ్చిందా?

తేడాను దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగించడమే టీ టెస్ట్. రెండు వేరియన్స్‌లను (0.467, 0.473) ఒక్కోదాన్ని 10తో భాగించి కూడితే 0.094, వర్గమూలం 0.307. ఇక 0.9 ÷ 0.307 అంటే సుమారు 2.94. అంటే తేడా దాని ఊగిసలాట కంటే దాదాపు మూడు రెట్లు పెద్దది. 18 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు (మొత్తం 20 మందిలోంచి, రెండు గుంపులకు రెండు తీసేస్తే వచ్చే సంఖ్య) పి విలువ 0.009. ఈ టెస్టును 1908లో ప్రచురించిన విలియం గోసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. స్టూడెంట్ అన్న కలం పేరుతో రాశాడు, అందుకే అది స్టూడెంట్స్ టీ టెస్ట్ అయింది. చిన్న శాంపిళ్ళతో పని జరుపుకోవాల్సిన అవసరం ఆయనది, మనదీ అదే.

సాఫ్ట్‌వేర్‌లో మామూలు టీ, వెల్చ్ టీ అని రెండు కనబడతాయి. రెండు గుంపుల వేరియన్స్ సమానం అనుకోనక్కర్లేని వెల్చ్‌నే అలవాటు చేసుకోండి.

ఇప్పుడు ఆ 0.009 సంగతి. నిజంగా రెండు గుంపుల మధ్య ఏ తేడా లేకపోయినా, ఇంత తేడా గానీ ఇంతకంటే పెద్దది గానీ శాంపిల్‌లో కనిపించే అవకాశం వెయ్యిలో తొమ్మిది. అంతే. "తేడా లేదనడానికి అవకాశం 0.9 శాతం" అని దాని అర్థం కాదు. తేడా పెద్దదని కాదు, వైద్యపరంగా ముఖ్యమైనదని అంతకంటే కాదు. 0.05 గీత గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ కాలం నుంచి వస్తున్న అలవాటు, ప్రకృతి నియమం కాదు. 0.049ని చూసి పండగ చేసుకుని 0.051ని చూసి ఏడవడంలో అర్థం లేదు. ఈ అపార్థాలు ఎంత ముదిరాయంటే, అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పి విలువ మీద ప్రత్యేకంగా ఒక ప్రకటనే ఇవ్వాల్సి వచ్చింది.

అందుకే పి కంటే ముందు కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే డేటాకు సరిపోయే తేడాల పరిధి, చూడండి. మన తేడా 0.9, దాని 95 శాతం ఇంటర్వల్ 0.26 నుంచి 1.54. పావు గ్రాము తేడా అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, ఒకటిన్నర గ్రాము అయితే హాస్టల్ మెస్ మెనూ మార్చాల్సిందే. పది మందితో ఇంతకంటే గట్టిగా చెప్పలేమని ఇంటర్వల్ ఒప్పేసుకుంటోంది. ఇంటర్వల్ లోపల సున్నా ఉంటే "తేడా లేదు" అని రాయకండి, "తేడా ఉందో లేదో ఈ డేటా తేల్చలేదు" అని రాయండి.

8. వర్గాలు పోల్చడం: కై స్క్వేర్

శాంపిల్ 200కు పెరిగిందనుకుందాం. హాస్టల్ 100 మందిలో 64 మందికి రక్తహీనత, డే స్కాలర్లు 100 మందిలో 48 మందికి. మొత్తం 112. నివాసానికీ రక్తహీనతకూ సంబంధమే లేకపోతే ఒక్కో గుంపులో 56 మందికి ఉండాలి, 44 మందికి ఉండకూడదు. ప్రతి గడిలో చూసినదానికీ ఆశించినదానికీ తేడా 8. దాని వర్గం 64ను ఆశించిన సంఖ్యతో భాగించి నాలుగు గళ్ళూ కూడితే 5.19. పి 0.023.

ఇదే పట్టికను ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 4.57, పి 0.033 అని వస్తుంది. టెన్షన్ పడకండి. రెండు వరుసలు, రెండు కాలమ్‌ల పట్టికకు ఆర్ తనంతట తాను యేట్స్ సవరణ (కై స్క్వేర్‌ను కాస్త తగ్గించే సర్దుబాటు) చేస్తుంది. ఏది వాడారో రాస్తే చాలు. ఆశించిన సంఖ్య ఏ గడిలోనైనా 5 కంటే తక్కువైతే కై స్క్వేర్ వదిలి ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్టుకు వెళ్ళండి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. సాఫ్ట్‌వేర్ ఆడ్స్ రేషియో ఇస్తుంది, అంటే ఒక్కో గుంపులో ఉన్నవాళ్ళను లేనివాళ్ళతో భాగించి ఆ రెండింటినీ పోల్చడం: 64 × 52 ÷ (36 × 48) = 1.93. దీన్ని చూసి "హాస్టల్ అమ్మాయిలకు రక్తహీనత దాదాపు రెట్టింపు" అని రాసేస్తారు. 64కు 48 రెట్టింపా? ఆ నిష్పత్తి (రిస్క్ రేషియో) 1.33 మాత్రమే. సమస్య అరుదుగా ఉన్నప్పుడే ఆడ్స్ రేషియో, రిస్క్ రేషియో దగ్గరగా వస్తాయి. సగం మందికి పైగా ఉన్న రక్తహీనత విషయంలో రెండూ చాలా దూరం. పాఠకుడికి అర్థమయ్యేలా "16 శాతం పాయింట్లు ఎక్కువ (95 శాతం ఇంటర్వల్ 2.4 నుంచి 29.6)" అని రాయండి.

9. ఎవరూ అడగని ప్రశ్న: వీళ్ళు ఒకరికొకరు సంబంధం లేనివాళ్ళేనా?

పై టెస్టులన్నీ ఒక్కో మనిషి ఒక్కో విడి సాక్ష్యం అని నమ్మి నడుస్తాయి. ఆ వంద మంది అమ్మాయిలూ ఒకే హాస్టల్ వాళ్ళయితే? అందరూ తినేది అదే మెస్, అదే పప్పు, అదే వంటాయన చేతి కూర. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. కానీ ఒకే గిన్నెలోంచి వంద మెతుకులు పట్టి చూసినా తెలిసేది ఆ గిన్నె సంగతే, పక్క పొయ్యి మీద గిన్నెది కాదు. పి విలువ మాత్రం వంద గిన్నెలు చూసినట్టు లెక్క వేస్తుంది.

దీనికి లెక్క ఉంది. ఒక్కో హాస్టల్ నుంచి 25 మందిని తీసుకుని, ఒకే హాస్టల్ వాళ్ళ మధ్య పోలిక 0.05 ఉందనుకుంటే, 1 + 24 × 0.05 = 2.2. మీ వంద మంది నిజానికి 45 మందితో సమానం. మందు దీనికి ముందే వేయాలి. ఒక హాస్టల్‌లో వంద మందికి బదులు అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, నారాయణగూడ లాంటి చోట్ల పది హాస్టళ్ళలో పదేసి మందిని తీసుకోండి. డేటా అప్పటికే వచ్చేసి ఉంటే క్లస్టర్లను (ఇలా ఒకే చోటి నుంచి వచ్చిన గుంపులను) లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ కావాలి, దానికి స్టాటిస్టిషియన్ సాయం తీసుకోండి. వ్యవసాయ విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది: ఒకే మడిలోని 30 మొక్కలు 30 రెప్లికేషన్లు (విడివిడిగా మళ్ళీ చేసిన ప్రయోగాలు) కావు.

10. మిగతా టెస్టులు, క్లుప్తంగా

ఐరన్ మాత్రలు ఇవ్వకముందు, ఇచ్చాక అదే అమ్మాయిలను కొలిస్తే పెయిర్డ్ టీ టెస్ట్. హాస్టల్, పేయింగ్ గెస్ట్, ఇల్లు అని మూడు గుంపులైతే అనోవా. ఎక్కడో తేడా ఉందని మాత్రమే అది చెబుతుంది, ఏ జంట మధ్యో చెప్పడానికి టుకీ టెస్ట్ వేయాలి. డేటా బాగా ఒరిగి శాంపిల్ చిన్నదైతే టీకి బదులు మాన్–విట్నీ, అనోవాకు బదులు క్రుస్కాల్–వాలిస్.

రెండు సంఖ్యల సంబంధానికి పియర్సన్ సహసంబంధం, వరుస ఉన్నవాటికి స్పియర్‌మన్. ఒక చిన్న హెచ్చరిక: వేలి చివర రక్తంతో పరికరం చూపిన విలువా, ల్యాబ్ విలువా ఒకటేనా అని చూడ్డానికి సహసంబంధం పనికిరాదు. పరికరం ప్రతిసారీ ఒక గ్రాము ఎక్కువ చూపించినా సహసంబంధం 1 రావచ్చు. దానికి రెండు కొలతల మధ్య తేడాలను చూపే బ్లాండ్–ఆల్ట్‌మన్ బొమ్మ ఉంది.

రిగ్రెషన్ ఎందుకంటే, హాస్టల్ అమ్మాయిలు, డే స్కాలర్లు నివాసంలోనే కాదు, కుటుంబ ఆదాయంలోనూ, వచ్చిన ఊరులోనూ వేరుగా ఉండొచ్చు. హిమోగ్లోబిన్ తేడా మెస్ వల్లా, అంతకుముందు పద్దెనిమిదేళ్ళు తిన్న తిండి వల్లా? ఆదాయం, ఊరు కూడా మోడల్‌లో పెట్టి లీనియర్ రిగ్రెషన్ చేస్తే, అవి సమానంగా ఉన్నవాళ్ళ మధ్య నివాసం వల్ల ఎంత తేడా మిగిలిందో అంచనా వస్తుంది. ఫలితం ఉంది–లేదు అయితే లాజిస్టిక్ రిగ్రెషన్. కొలవని విషయాన్ని ఏ రిగ్రెషనూ సరిచేయలేదు, కాబట్టి "వల్ల" అనే మాట వాడే ముందు రెండుసార్లు ఆలోచించండి.

అన్నింటితో అన్నింటినీ పోల్చి చూడాలన్న ఉబలాటం వద్దు. నిజంగా ఏ సంబంధమూ లేని డేటాలో విడివిడిగా 20 టెస్టులు చేస్తే ఒక్కటైనా 0.05 కిందకు వచ్చే అవకాశం 64 శాతం. మొదటి అడుగులో ప్రకటించిన ముఖ్య ప్రశ్నకే పూర్తి బరువు ఇచ్చి, మిగతావి అన్వేషణ అని చెప్పేయండి.

11. సాఫ్ట్‌వేర్, నేర్చుకునే చోట్లు

లైసెన్స్ లేని ఎస్‌పీఎస్‌ఎస్ వెతుక్కోనక్కర్లేదు. జమోవి, జాస్ప్ ఉచితం, మౌస్‌తో నడుస్తాయి, పై టెస్టులన్నీ చేస్తాయి. పీహెచ్‌డీ వాళ్ళు మాత్రం ఆర్ నేర్చుకోవాలి. రాసిన ఆదేశాలు ఫైలుగా ఉంటాయి కాబట్టి గైడ్ రెండు కేసులు తీసేయమన్నప్పుడు మొత్తం మళ్ళీ నిమిషంలో నడుస్తుంది.

పునాదులు తెలుగులో కావాలంటే హిమాయత్‌నగర్ తెలుగు అకాడమీ డిగ్రీ స్టాటిస్టిక్స్ పుస్తకాలు తెచ్చుకోండి. హబ్సిగూడలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రం, హెచ్‌సీయూ ప్రాంగణంలో సి.ఆర్. రావు పేరిట ఉన్న గణిత, గణాంక సంస్థ ఉన్నాయి. వ్యవసాయం వాళ్ళకు రాజేంద్రనగర్‌లో నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) ఉంది. వాటి శిక్షణ ప్రకటనలు చూస్తూ ఉండండి. స్టాటిస్టిషియన్‌ను కలవాల్సింది డేటా సేకరించాక కాదు, సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) రాసేటప్పుడు. వెళ్ళేటప్పుడు మీ ప్రశ్న వాక్యం, ఖాళీ పట్టిక తీసుకెళ్తే అరగంటలో పని అవుతుంది.

12. ఫలితం రాయడం

"టీ టెస్ట్ చేయగా గణనీయమైన తేడా కనిపించింది (పి < 0.05)" అన్న వాక్యంలో పనికొచ్చే సమాచారం దాదాపు ఏమీ లేదు. ఇలా రాయండి:

"హాస్టల్ విద్యార్థినుల (10 మంది) సగటు హిమోగ్లోబిన్ 11.0 (ఎస్‌డీ 0.68), డే స్కాలర్లది (10 మంది) 11.9 (ఎస్‌డీ 0.69) గ్రాములు, డెసిలీటరుకు. తేడా 0.9 గ్రాములు (95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.26–1.54; వెల్చ్ టీ టెస్ట్, టీ = 2.94, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18, పి = 0.009)."

పి విలువను ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ 0.000 అని చూపిస్తే దాన్ని "0.001 కంటే తక్కువ" అని రాయాలి, ఎందుకంటే అది సున్నా కాదు. శాతం పక్కన ఎంతమందిలో ఎంతమందో ఉండాలి. ఎనిమిది మందిలో ముగ్గురిని 37.5 శాతం అనడం చట్టబద్ధమే గానీ చదివేవాళ్ళను మోసం చేసినట్టే. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఎంతమంది డేటా ఎందుకు తీసేశారు, హిమోగ్లోబిన్ రెండు గుంపులకూ ఒకే పరికరంతో కొలిచారా అన్నవి మెథడ్స్ అధ్యాయంలో పడాలి. శాంపిల్ ఒక్క కాలేజీదైతే టైటిల్‌లో "హైదరాబాద్ విద్యార్థినులు" అని పెట్టకుండా ఆ కాలేజీ విద్యార్థినులనే రాయండి. ఎక్స్‌టర్నల్ మొదట పట్టుకునేది అక్కడే.